పెళ్లి వేదిక మీద ఆమె

ఆషాఢమాసంలో కల్యాణ మండపాలకు పని ఉండదు. కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డు మీద, ఊరు దాటినాక ఎడమ పక్కన ఉండే ఆ మండపం కూడా ఏటా ఆ నెలంతా తాళం వేసే ఉండేది. ఆ ఏడు మాత్రం గేటుకు రంగు బట్టలు కట్టారు. 'మీ లోపల ఏముందో మీ కళ్లతో చూడండి' అని పెద్ద ఫ్లెక్సీ వేలాడదీశారు. దాని మీద చర్మం లేని మనిషి బొమ్మ పరిగెత్తుతూ ఉంది. పడమటి గాలికి ఫ్లెక్సీ టపటపా కొట్టుకుంటూ ఉంటే, ఆ మనిషి రోడ్డు దాటి అవతలి దుక్కి చేలోకి పారిపోతున్నట్టు కనిపించేవాడు.

భువన అక్కడికి వెళ్లింది మధ్యాహ్నం భోజనాలైన తర్వాత. ఆమె ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో అనాటమీ చెబుతుంది. సొంతూరు కోయిలకుంట్ల. పెళ్లి చేసుకోలేదు. కర్నూల్లో ఒక ఇంటి మేడ మీద వాటా తీసుకుని ఒంటరిగా ఉంటోంది. శవాలంటే ఆమెకు భయం లేదు, కానీ గౌరవం ఉంది. కాలేజీకి కొత్త పిల్లలు వచ్చినప్పుడల్లా, శరీరదానం చేసినవాళ్ల ముందు వాళ్ల చేత దండం పెట్టించి, ముఖం మీద తెల్లబట్ట తియ్యకుండానే పాఠం మొదలుపెట్టేది.

చనిపోయినవాళ్ల దేహాలను టిక్కెట్టు పెట్టి చూపించడానికి అనుమతి ఇవ్వాలంటే ఏమేం అడగాలో కర్నూల్లోని ప్రభుత్వ ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. అట్లాంటి దరఖాస్తు ముందెప్పుడూ రాలేదు. దాంతో సర్కసుకు వాడే పద్ధతే దీనికీ వాడారు. మంటలార్పే సామాన్లు ఉన్నాయా, బయటికి దారులు ఉన్నాయా, మరుగుదొడ్లు ఉన్నాయా. శవాలు కాబట్టి ఒక డాక్టరు కూడా వచ్చి చూస్తే బాగుంటుందని, తనిఖీకి పెద్దగా ఉన్న ఓబుళేశు అనే అధికారి భువనను పిలిపించాడు. అగ్నిమాపక శాఖ నుంచి ఇంకొకాయన వచ్చాడు.

మండపం తేజేశ్వర్‌ది. వాళ్లది తరాలుగా బట్టల వ్యాపారం చేసే కుటుంబం. తండ్రి పోయినాక దుకాణం తగ్గించి ఈ మండపం కట్టించాడు. నెమ్మదైన మనిషి. ఎక్కడో పెద్ద నగరంలో ఇట్లాంటి ప్రదర్శన చూసి, మన దిక్కు పిల్లలకు ఇవన్నీ ఎవరు చూపిస్తారనిపించి, ఒక ఏజెంటు ద్వారా బాడుగకు తెప్పించానని చెప్పాడు. అతని తల్లి రాజ్యలక్ష్మమ్మ వరండాలో కూర్చుని వచ్చినవాళ్లకు మజ్జిగ ఇస్తోంది. తాను మాత్రం లోపలికి అడుగు పెట్టలేదట. వాడు రమ్మంటాడు గానీ కాళ్లు రావడం లేదని భువనతో చెప్పి, ఖాళీ గ్లాసు తీసుకుంది.

లోపల చల్లగా ఉంది. కిటికీలకు నల్ల పరదాలు వేశారు. ఒక్కొక్క దేహం మీద ఒక్కొక్క లైటు. ఒంట్లోని నీరూ కొవ్వూ తీసేసి, ఆ చోట రబ్బరులాంటి పదార్థం నింపి గట్టిపరిచిన దేహాలు అవి. కుళ్లవు. ఒకసారి గట్టిపడితే వేలు కూడా వంగదు. కొత్త ప్లాస్టిక్ బకెట్ వాసన వస్తోంది. ఒకడు బంతి తంతున్నాడు. ఒకడు పరిగెత్తుతున్నాడు. స్పీకర్లో ఒక ఆడగొంతు, గుండె ఎన్ని గదులో, పేగు ఎంత పొడవో మళ్లీ మళ్లీ చెబుతోంది.

హాలు చివర పెళ్లి వేదిక ఉంది. థర్మాకోల్ పూల తోరణం తీయకుండా అట్లాగే వదిలేశారు. దాని కింద, ఎత్తు స్టూలు మీద, ఒక ఆడమనిషిని కూర్చోబెట్టారు.

రొమ్ము నుంచి పొత్తికడుపు దాకా తలుపు రెక్కల్లా తెరిచి ఉంది. ముఖానికీ చేతులకూ పాదాలకూ మాత్రం చర్మం ఉంచారు. కళ్లు మూసి ఉన్నాయి. రెండు చేతులూ బార్లా చాపి ఉన్నాయి, వచ్చినవాళ్లను రమ్మని పిలుస్తున్నట్టు. ఒంటి మీద నూలుపోగు లేదు.

భువన వంగి పాదాలు చూసింది. మడమలు పగిలి ఉన్నాయి. చెప్పుల్లేకుండా నల్లరేగడిలో నడిచిన పగుళ్లు. రెండు పాదాలకూ బొటనవేలి పక్క వేలి మీద గుండ్రంగా నొక్కు పడి ఉంది. ఏళ్ల తరబడి మెట్టెలు తొడిగితే పడే నొక్కు. ఏజెంటు ఇచ్చిన కాగితాల్లో ఈ దేహాలన్నీ విదేశాల్లో దానమిచ్చినవాళ్లవని ఉంది.

ఆమె ఓబుళేశు దగ్గరికి పోయి గొంతు తగ్గించి చెప్పింది. "సార్, ఈమె మన దిక్కు మనిషి మాదిరి ఉండాది. కాలి వేళ్లు చూడండి. మెట్టెల నొక్కు."

ఓబుళేశు వంగలేదు. "చెప్పులు బిగుతై పడింటాది లే మేడమ్. సాయంత్రం ప్రారంభానికి పెద్దోళ్లొస్తాండారు. ఇప్పుడు దీన్ని పట్టుకుంటే యాడికి పోతాది చెప్పండి."

ఆమె ఇంకోసారి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. కాలేజీ యజమానికి తేజేశ్వర్ దగ్గరి బంధువు. పొద్దున ఆ యజమానే ఫోన్ చేసి, మన పిల్లోడే, చూసి రండి అన్నాడు. ముగ్గురు మగవాళ్లు చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నారు. ప్రతిదానికీ పేచీ పెట్టే ఆడమనిషి అనిపించుకోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది. సంతకం పెట్టింది. ఎవరూ బెదిరించలేదు. ఆ ముక్కే తర్వాత ఆమెను ఎక్కువ కాల్చింది.

పెన్ను మూత పెడుతూ తలెత్తితే, స్టూలు మీది ఆమె ముఖం ఎదురుగా కనిపించింది. ఎందుకో భువన తన పమిట భుజం మీదికి లాక్కుంది.

ఆ సాయంత్రం పొద్దు గుంకుతుండగా స్నానానికి పోయింది. దుమ్ము కొట్టుకుపోయిన ఒళ్లు. బకెట్ నిండుతోంది. గడియ పెట్టి, చీర విప్పి దండెం మీద వేసింది.

చెప్పుల శబ్దం వినిపించింది.

మెట్ల మీదనుకుంది. కాదు. ఇంకా దగ్గర. చాలామంది ఒకరి వెనక ఒకరు మెల్లగా జరుగుతున్నట్టు, చెప్పులు నేలకు రాసుకుంటున్న చప్పుడు. కొళాయి కట్టేసింది. చప్పుడు ఆగలేదు. స్నానాల గది నాలుగు గోడలకూ ఆనుకుని ఎవరో నిలబడినట్టు గాలి వెచ్చబడింది. ఎవరో దగ్గారు. ఎవరో గొంతు సవరించుకున్నారు. చెవి పక్కనే ఒక పసిగొంతు...

"ఎవరుమా ఈమె?"

ఇంకో గొంతు, ఓపికగా... "ఎవరో లేమ్మా. చూడు. బాగా చూడు."

భువన రెండు చేతులూ ఒంటికి అడ్డం పెట్టుకుంది. గదిలో ఎవరూ లేరు. తెల్లటి పెంకులు. బకెట్. బల్బు. చేయి చాపి చీర లాగి, తడి నేల మీదే చుట్టుకుని, గోడకానుకుని కూర్చుంది. ఒళ్లు కప్పుకోగానే చప్పుడు సన్నగిల్లింది. చెప్పులు ఒక్కటొక్కటే దూరంగా జరిగిపోయాయి.

కాసేపటికి కింద వాటాలో ఉండే ఇంటి యజమానురాలు రాహేలమ్మ మెట్ల దాకా వచ్చి పిలిచింది. చుట్టాలొచ్చారా అని అడిగింది. అంతమంది పైకి పోతుంటే చప్పుడు విని, అన్నానికి బియ్యం కావాలేమో అడుగుదామని వచ్చిందట. ఎవరూ రాలేదని భువన చెబితే, రాహేలమ్మ ఆమె తడి చీర వైపు, ఖాళీ గది వైపు చూసి, ఇంకేమీ అడగకుండా దిగిపోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. బట్ట విప్పితే చాలు, వరస వచ్చేస్తుంది. భువన చీరతోనే నీళ్లు పోసుకోవడం, దుప్పటి కప్పుకుని లోపలే బట్టలు మార్చుకోవడం మొదలుపెట్టింది. కాలేజీలో డిసెక్షన్ హాలుకు పోయి, బల్ల మీది దేహం నుంచి తెల్లబట్ట తియ్యబోతే చేయి రాలేదు. పిల్లలు చుట్టూ నిలబడి ఉన్నారు. వాళ్ల చెప్పులు నేలకు రాసుకుంటున్నాయి. ఆమె బట్ట అంచును వేళ్లతో పట్టుకుని అట్లాగే నిలబడింది. తర్వాత ఒంట్లో బాగలేదని చెప్పి బయటికి వచ్చేసింది. వరండాలో నిలబడితే ఏడుపు రాలేదు. సిగ్గే వచ్చింది. నిలువెల్లా మంటలాగా సిగ్గు.

ఆదివారం ఆమె మళ్లీ మండపానికి పోయింది. ఈసారి టిక్కెట్టు కొనుక్కుని అందరితోపాటు వరసలో నిలబడింది.

జనం బాగా వచ్చారు. ఆత్మకూరు నుంచి, డోన్ నుంచి కూడా స్కూలు బస్సులు వచ్చి ఆగి ఉన్నాయి. పరిగెత్తే మనిషి దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగడం లేదు. అందరూ వేదిక దగ్గరికే పోతున్నారు. కుర్రాళ్లు కొందరు ఆమె పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకడు ఏదో అంటే మిగతావాళ్లు నవ్వారు. ఒక తల్లి కూతురి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టి, తాను మాత్రం చూస్తోంది. ఒక ముసలాయన తువ్వాలు తీసి, దండం పెట్టబోయి, చుట్టూ చూసి మానుకున్నాడు.

భువన ముందుకు పోయి చూసింది.

బార్లా చాచిన చేతులు బార్లా లేవు. మోచేతుల దగ్గర వంగి ఉన్నాయి. అరచేతులు లోపలికి తిరిగి ఉన్నాయి. తెరిచిన పొట్టకు రెండు జానల దూరంలో... దారి వెతుక్కుంటున్నట్టు. తల కూడా కొంచెం వాలింది.

ఆమెకు తెలుసు. ఆ పదార్థం గట్టిపడినాక వంచితే విరగాలి. విరిగిన గుర్తు ఎక్కడా లేదు. మోచేతి దగ్గర చర్మం, బతికినవాళ్లకు పడ్డట్టే, ముడత పడింది.

వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. తేజేశ్వర్. బయట వడగాలి కొడుతుంటే, మెడ దాకా బొత్తాలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా వేసుకుని, దాని మీద శాలువా కప్పుకున్నాడు. గడ్డం మాసింది. ఆమెను పక్కకు పిలుచుకుపోయాడు. పెళ్లిళ్లప్పుడు పెళ్లికూతురికి ఇచ్చే గది అది. తలుపు వేసి గడియ పెట్టాడు.

"మీకూ వస్తాండారా మేడమ్?" అని అడిగాడు గుసగుసగా.

భువన తలూపింది. అతను మంచం అంచు మీద కూర్చున్నాడు.

తర్వాత అన్నీ చెప్పుకొచ్చాడు. ప్రారంభమైన రోజు నుంచే అతనికి ఆ వరస మొదలైందట. స్నానం మానేశాడు. చొక్కా మార్చడం కూడా మానేశాడు. పొద్దున తాళం తీసినప్పుడల్లా ఆమె చేతులు కొంచెం దగ్గరికి వచ్చి ఉంటాయి. పనివాళ్ల చేష్టలనుకుని తాళాలు మార్చాడు. ఏజెంటు మనిషిని పిలిపిస్తే, అతను వచ్చి తట్టి చూసి, వంచడం ఎవరి తరమూ కాదని చెప్పి, ఆ రోజే వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏజెంటు ఫోన్ ఎత్తడం లేదు. ఈమె ఎవరని తీసుకునేటప్పుడు అడిగారా అని భువన అడిగింది. అడగలేదన్నాడు. అడగాలని తోచలేదన్నాడు. సామాను తీసుకున్నట్టే తీసుకున్నానని చెప్పి, ఆ మాట తన నోటి నుంచి వచ్చిందని అప్పుడే విన్నవాడిలాగా తల దించుకున్నాడు.

"మరి మూసేయొచ్చు కదా," అంది భువన.

"పర్మిషన్ ఉండాది కదా మేడమ్. స్కూళ్లకు మాటిచ్చినాము." ఆగి, ఆమె ముఖం చూడకుండా అన్నాడు. "మీరు సంతకం పెట్టినారు. అంటే తప్పేం ల్యాదనుకుంటి."

భువన తలుపు తీసుకుని మళ్లీ హాల్లోకి పోయి, జనం పోయేదాకా అక్కడే ఉండిపోయింది.

సాయంత్రం గాలి ముదిరింది. ఎర్రటి దుమ్ము లేచి రోడ్డు కనిపించకుండా పోయింది. స్కూలు బస్సులు తొందరగా బయలుదేరిపోయాయి. చివరి జనం ముక్కులకు గుడ్డలు కట్టుకుని గేటు దాటుతుండగానే కరెంటు పోయింది. పనివాళ్లు జనరేటర్ చూస్తామని వెనక్కి పోయారు. గేటు మూసి, హాలు తలుపులు గడియ పెట్టి తేజేశ్వర్ లోపలికి వచ్చాడు. వరండాలో దుమ్ముకు కూర్చోలేక రాజ్యలక్ష్మమ్మ కూడా మొదటిసారి ఆ గడప దాటి హాల్లోకి వచ్చింది. ముగ్గురే ఉన్నారు.

ఏసీలు ఆగిపోయాయి. స్పీకర్ ఆగిపోయింది. నల్ల పరదాల వెనక సందె వెలుగు ఎర్రగా ఒక గీతలాగా కనిపించి, అదీ పోయింది. చీకటి. ఫ్లెక్సీ టపటపా కొట్టుకోవడం... అది కూడా దూరమైపోయింది. కొత్త ప్లాస్టిక్ వాసన విరిగి, దాని కింద నుంచి ఇంకో వాసన లేచింది. పొయ్యి పొగ పట్టిన జుట్టు. చెమటకు తడిసి ఆరిన నూలు చీర. పసుపు.

వేదిక వైపు నుంచి చప్పుడు వచ్చింది.

ఎండిన కందికట్టెను మెల్లగా వంచుతున్నట్టు. విరగకుండా... ఇంకొంచెం... ఇంకొంచెం.

"ఎవరప్పా అది?" అంది రాజ్యలక్ష్మమ్మ.

తేజేశ్వర్ ఫోన్ తీసి లైటు వేయబోయాడు. భువన అతని చెయ్యి పట్టుకుంది. లైటు వెయ్యద్దంది. ఎందుకన్నదో ఆ క్షణాన ఆమెకే తెలియదు. చీకటైనా ఆమెకు మిగలనిద్దామనిపించింది, అంతే.

అప్పుడు తలుపుల దగ్గర చెప్పులు మొదలయ్యాయి.

గడియ పెట్టిన తలుపులు. అయినా వస్తున్నారు. ఒకరి వెనక ఒకరు. ఈడ్చుకుంటూ. దగ్గుతూ. చంటిబిడ్డ ఏడుపు ఒకటి. గాజుల చప్పుడు. వరస హాలు మధ్యదాకా వచ్చింది. వేదిక వైపు పోలేదు. వీళ్ల ముగ్గురి వైపు తిరిగింది. చుట్టూ మూగింది. వెచ్చటి ఊపిరి మెడ మీద... భుజం మీద... భువన నిండుగా చీర కట్టుకునే ఉంది. అయినా ఒంటి మీద బట్ట ఉన్నట్టు అనిపించలేదు. ఇంతకు ముందు కప్పుకుంటే పోయేవాళ్లు. ఇప్పుడు పోవడం లేదు. ఎవరిదో వేలు ఆమె డొక్కను తాకింది. మెత్తగా, ఇది ఏమిటో తెలుసుకోవాలన్నట్టు తాకింది.

"ఇది గుండెనా?"

"అవునమ్మా. చూడు."

"ఇది?"

"అన్నీ చూడు. టిక్కెట్టు కొన్నాము కదా."

పక్కన తేజేశ్వర్ కింద కూలబడ్డాడు. మోకాళ్లు పొట్టకు ముడుచుకుని, శాలువా తల మీదికి లాక్కుని, చిన్నపిల్లాడిలాగా మూలుగుతున్నాడు. భువన కదలలేకపోయింది. చేతులు బార్లా చాచుకుని ఉన్నాయి. తనవే. ఎప్పుడు చాచిందో తెలియదు. దగ్గరికి తీసుకోవాలని చూస్తే... రాలేదు. వేలు కూడా వంగలేదు.

ఆ చీకట్లో రాజ్యలక్ష్మమ్మ ఒక్కతే కదిలింది. ఆమె ఏ సంతకమూ పెట్టలేదు, ఏ దేహాన్నీ చూడలేదు. ఆమె చుట్టూ ఎవరూ మూగలేదేమో. తడుముకుంటూ పెళ్లికూతురి గదిలోకి పోయింది. బీరువా తలుపు కిర్రుమంది. తిరిగి వస్తూ ఉంటే కొత్త బట్ట గంజి చప్పుడు వినిపించింది. వేదిక మెట్లు ఎక్కింది. మెట్టు మెట్టుకూ ఆగింది. కూతురితో మాట్లాడినట్టు చెప్పుకుంటూ పోయింది.

"అమ్మా, చీర తెచ్చినాను. కళ్లు మూసుకునే వస్తాండా. నేను నిన్ను చూడను తల్లీ. కప్పి పోతా. అంతే."

బట్ట మడతలు విప్పిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

భువన డొక్క మీది వేలు పోయింది. ఊపిరులు పోయాయి. చెప్పుల చప్పుడు లేదు. వెళ్లిపోయినట్టు కాదు, అసలు ఎవరూ రానట్టే. ఆమె చేతులు రెండూ బరువుగా పక్కలకు వాలాయి.

జనరేటర్ అందుకుంది. లైట్లు వెలిగాయి.

స్టూలు ఖాళీగా ఉంది. దాని మీది ఆడమనిషి ఇప్పుడు కిందికి దిగి, వేదిక నేల మీద కూర్చుని ఉంది. మోకాళ్లు ఎదకు ముడుచుకుని, చేతులు వాటి చుట్టూ చుట్టుకుని, హాలుకు వీపు తిప్పి, తోరణం వెనక గోడ వైపు ముఖం పెట్టుకుని. ఆకుపచ్చ నూలు చీర తల నుంచి నేల దాకా కప్పి ఉంది. రాజ్యలక్ష్మమ్మ ఆమె పక్కనే కూర్చుని కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. తేజేశ్వర్ పోయి భుజం తట్టేదాకా తెరవలేదు.

ఆ రోజుతో మండపం మూసేశారు. భువన ఆ వారంలోనే ఓబుళేశు దగ్గరికి పోయింది. దయ్యం సంగతి చెప్పలేదు. మెట్టెల నొక్కు చూసీ, అది ఏమిటో తెలిసీ సంతకం పెట్టానని, అది తప్పుడు సంతకమని, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది. ఆయన చాలాసేపు విసుక్కున్నాడు. ఇట్లా చెబితే మీకే నష్టమన్నాడు. నష్టమైతే కానీయండంది. కాలేజీ యజమాని ఆమెతో మాట్లాడడం మానేశాడు. విచారణ జరిగింది. ఏజెంటు ఇచ్చిన చిరునామాలో ఎవరూ లేరు. కాగితాల్లోని విదేశీ సంస్థ కూడా లేదు. మిగతా దేహాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. వేదిక మీది ఆమె ఎవరో, ఏ ఊరో, ఏ ఆసుపత్రి మార్చురీలో ఎవరూ రాక మిగిలిపోయిందో తేలలేదు. ఇక ముందు ఇట్లాంటి ప్రదర్శనలకు ఏమేం షరతులు పెట్టాలో రాయడానికి ఒక కమిటీ వేస్తే, అందులో భువన కూర్చుంది. బతికుండగా తన నోటితో ఒప్పుకోని మనిషిని ఎవరికీ చూపించకూడదని మొదటి షరతు రాయించింది. రాయిస్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

పూడ్చడానికి అప్పగించిన ఆ వేదిక మీది ఆమెను సాగనంపే పని రాజ్యలక్ష్మమ్మ దగ్గరుండి చేయించింది. మగవాళ్లెవరినీ ముట్టుకోనివ్వలేదు. రాహేలమ్మను తోడు పిలుచుకుని భువనా వచ్చింది. ముగ్గురూ చీర తియ్యకుండానే పసుపునీళ్లు పోశారు. కూర్చున్నట్టే పూడ్చారు. గుంటలోకి దించేటప్పుడు తేజేశ్వర్ దూరంగా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ సాయంత్రం భువన ఇంటికి పోయి, తలుపు గడియ పెట్టి, భయపడుతూనే చీర విప్పింది. ఏ చప్పుడూ లేదు. నీళ్లు పోసుకుంటూ చాలాసేపు ఏడ్చింది.

తర్వాత అంతా మామూలైంది. వానలు పడ్డాయి. డిసెక్షన్ హాల్లో ఆమె చేతులు మళ్లీ పనిచేశాయి.

చలికాలం మొదలైన రోజుల్లో భువన వాళ్లమ్మను చూసి రావడానికి కోయిలకుంట్ల బస్సెక్కింది. పొద్దున తొమ్మిది దాటింది. కిటికీల్లోంచి ఎండ పడుతోంది. రోడ్డు పక్కన శనగ చేలు పచ్చగా ఉన్నాయి. భువన ముదురు నీలం చీర కట్టుకుని, మీద స్వెట్టర్ వేసుకుంది. ముందు సీటులో ఒక తల్లి, యూనిఫాం వేసుకున్న ఏడెనిమిదేళ్ల ఆడపిల్ల కూర్చున్నారు. పిల్ల వెనక్కి తిరిగి సీటు మీద మోకాళ్లేసుకుని బస్సులో వాళ్లందరినీ చూస్తోంది. భువనను చూసి ఆగింది. భువన నవ్వింది. పిల్ల నవ్వలేదు. రెండు చేతులతో కళ్లు మూసుకుని, తల్లి భుజంలో ముఖం దాచుకుంది.

"ఏమయిందే?" అంది తల్లి.

"నిన్న మా స్కూలోళ్లు పిలుచుకపోయి చూపించింది ఈమెనేమా," అంది పిల్ల గుసగుసగా. "ఆడ పూల తోరణం కింద స్టూలు మీద కూడా ఇట్లనే కూర్చోనుండె."

తల్లి పిల్లను కసిరింది. క్షమించమని చెప్పడానికి కాబోలు వెనక్కి తిరిగింది. భువన ముఖం మీది నుంచి కిందికి జారిన ఆమె చూపు, కాలినట్టు చప్పున పక్కకు తప్పుకుంది. అట్లాగే కిటికీ వైపు చూస్తూ, తన భుజం మీది తువ్వాలు తీసి, సీటు మీదుగా వెనక్కి చాపింది.

"కప్పుకోమ్మా," అంది మెల్లగా. "బస్సులో మొగోళ్లుండారు."